వేసవిలో బాగానే వచ్చిన వేడినీళ్లు చలికాలంలో ఎందుకు మొరాయిస్తున్నాయి?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు పంపిన పెద్ద ఉత్తరం ఇది. అందులోని విషయం క్లుప్తంగా చెబుతాను.

భర్త, 4 ఏళ్ల పాప, 74 ఏళ్ల అత్తగారితో కలిసి ఆమె పోయిన వేసవిలో ఒక రెండంతస్తుల పాత ఇంట్లోకి మారారు. ఇల్లు చూసి బాగుందని ముందు చెప్పింది ఆమే. వంటగది గోడకు 24 కిలోవాట్ల గ్యాస్ బాయిలర్ ఉంది. గదుల్ని వెచ్చగా ఉంచే రేడియేటర్లను, అంటే లోపల వేడినీళ్లు తిరిగే ఇనుప పెట్టెలను, వేడెక్కించేదీ, కుళాయిల్లో వేడినీళ్లు ఇచ్చేదీ అదొక్కటే. నీళ్లు నిల్వ చేసే ట్యాంకు వేరే లేదు. బాయిలర్ పెట్టి 12 ఏళ్లయింది. వేసవిలో ఏ ఇబ్బందీ లేదు. చలి ముదిరాక మొదలైంది గొడవ. మేడమీద షవర్ తిప్పితే కాసేపు వేడిగా వచ్చి, ఒళ్లు తడిసేసరికి గోరువెచ్చగా మారిపోతోంది. వంటగదిలో కుళాయి సన్నగా తిప్పితే చెయ్యి పెట్టలేనంత వేడి, మొత్తం తిప్పితే చల్లగా ఉంటుంది. రేడియేటర్లు మాత్రం పైనుంచి కింద వరకూ చక్కగా కాలుతున్నాయి. వేడినీళ్ల సెట్టింగ్‌ను 65 డిగ్రీలకు పెంచి చూశారు, ఏమీ మారలేదు.

మొదట వచ్చిన మెకానిక్ బాయిలర్ మార్చేయాలి, ఇంకా పెద్దది పెట్టాలి అన్నాడు. రెండో అతను బాయిలర్ బాగానే ఉంది, రేడియేటర్లన్నీ కడిగించాలి అన్నాడు. భర్తేమో రెండూ వద్దు, మేడమీద బాత్‌రూమ్‌లో కరెంటు షవర్ ఒకటి బిగించుకుందాం అంటున్నారు. ఈలోగా అత్తగారు ఎవరికీ చెప్పకుండా పొయ్యి మీద గిన్నెలో నీళ్లు మరగబెట్టి, కింద బాత్‌రూమ్‌కి మోసుకెళ్లి స్నానం చేస్తున్నారు. వద్దంటే, 'నాకు రోజూ స్నానం ఎందుకులేమ్మా' అంటున్నారట. ఒక రాత్రి మాటా మాటా పెరిగి భర్త, 'ఇల్లు బాగుందని ఒప్పుకుంది నువ్వే కదా' అన్నారు. 'ఆ మాట నన్ను ఇంకా కోస్తూనే ఉంది. ఇద్దరు మెకానిక్‌లలో ఎవరిని నమ్మాలి? ఆయన మాట వినాలా? అత్తయ్యగారికి ఏం చెప్పాలి?' అని అడిగారు. సంతకం కింద మరో రెండు వాక్యాలు చేర్చారు: 'పొద్దున్న రేడియేటర్లు నడుస్తున్నప్పుడు స్నానం చేస్తే నీళ్లు కాస్త నయం. ఇంకో సంగతి, సాయంత్రం హీటింగ్ ఆపేసి ఉన్నా, నేను షవర్ కింద ఉన్నంతసేపూ హాల్లో రేడియేటర్ వెచ్చబడుతోందని మావారు అన్నారు.'

సమాధానం:

అమ్మా, అన్నిటికంటే ముందు అత్తగారి గిన్నె సంగతి చూద్దాం. మిగతావి నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు, అది ఆగదు. మరిగే నీళ్లు నిండిన గిన్నె పట్టుకుని 74 ఏళ్ల మనిషి తడి నేల మీద నడవడం, అదే ఇంట్లో కాళ్లకు అడ్డంపడే నాలుగేళ్ల పాప ఉండడం తలుచుకుంటేనే భయంగా ఉంది. దీనికి మార్గం మీ ఉత్తరంలోనే ఉంది. సన్నగా తిప్పితే నీళ్లు వేడిగా వస్తున్నాయి కదా. కింద బాత్‌రూమ్‌లో ఒక బకెట్, కూర్చోవడానికి జారని స్టూలు పెట్టండి. వేడి కుళాయి సగానికన్నా తక్కువగా తిప్పి బకెట్ నింపండి. నాలుగైదు నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి. మరీ సన్నగా తిప్పకండి, నిమిషానికి రెండు, రెండున్నర లీటర్లకు తగ్గితే చాలా బాయిలర్లు అసలు వెలగవు. పొద్దున్న రేడియేటర్లు నడిచే వేళలో నయంగా ఉంటోందన్నారు కాబట్టి ఆవిడ స్నానం అప్పుడే పెట్టుకోండి. బకెట్‌లో చల్లనీళ్లు ముందు పోసి, వేడినీళ్లు తర్వాత కలపండి.

65కి పెంచిన సెట్టింగ్‌ను ఈరోజే 50కి దించేయండి. బాయిలర్‌కి ఉన్న శక్తి 24 కిలోవాట్లే. అంకె పెంచినంత మాత్రాన ఆ శక్తి పెరగదు. పైగా 60 డిగ్రీలు దాటిన నీళ్లు చిన్నపిల్లల చర్మాన్ని కొద్ది సెకన్లలోనే కాల్చేస్తాయి. మీ వంటగది కుళాయి సన్నగా తిప్పినప్పుడు చెయ్యి పెట్టలేకపోతున్నారంటే ఆ ప్రమాదం ఇప్పటికే ఇంట్లో ఉంది. నీళ్లలో సున్నం ఎక్కువ ఉంటే, వేడి పెరిగే కొద్దీ అది బాయిలర్ లోపల మరింత త్వరగా పేరుకుంటుంది కూడా.

ఇక అసలు విషయానికి వద్దాం. 'ఇల్లు ఒప్పుకుంది నువ్వే' అనే మాట మిమ్మల్ని కోస్తోందన్నారు. దానికి నా దగ్గర ఓదార్పు కన్నా గట్టిది ఒక లెక్క ఉంది. ఒక లీటరు నీటిని నిమిషంలో ఒక డిగ్రీ వేడెక్కించాలంటే దాదాపు 0.07 కిలోవాట్ల శక్తి కావాలి. స్నానానికి 40 డిగ్రీల నీళ్లు కావాలనుకోండి. వేసవిలో వీధి పైపులోంచి వచ్చే నీళ్లు 15 డిగ్రీలుంటే పెంచాల్సింది 25 డిగ్రీలే. 24 కిలోవాట్ల బాయిలర్ అలాంటి నీళ్లు నిమిషానికి దాదాపు 14 లీటర్లు ఇవ్వగలదు. చలికాలంలో వచ్చే నీళ్లు 5 డిగ్రీలకు పడిపోతే 35 డిగ్రీలు పెంచాలి. అప్పుడదే బాయిలర్ ఇవ్వగలిగేది నిమిషానికి 10 లీటర్లలోపే. అంటే బాయిలర్‌కి ఏ జబ్బూ లేకపోయినా చలికాలంలో దాని చేతనైనది పావు వంతుకు పైనే తగ్గిపోతుంది. ఏదైనా జబ్బు ఉంటే, వేసవిలో ఆ మిగులు వెనక దాక్కుని చలి రాగానే బయటపడుతుంది. మీరు ఇల్లు చూసింది వేసవిలో. ఆరోజు మీవారు కాదు, మెకానిక్ వచ్చి కుళాయి తిప్పి చూసినా వేడినీళ్లు బ్రహ్మాండంగా వచ్చేవి. ఈ పేరా మీవారికి చదివి వినిపించండి. తప్పెవరిది అనే చర్చ అక్కడితో ముగించి, లోపం ఎక్కడ అనే చర్చకు ఇద్దరూ కలిసి రండి.

బాయిలర్ లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే మీ ఉత్తరంలోని ఒక్కో మాటకూ అర్థం దొరుకుతుంది. అక్కడ రెండు రకాల నీళ్లున్నాయి. ఒకటి రేడియేటర్లలో తిరిగే నీళ్లు. అవి బయటికి రావు, అవే మళ్లీ మళ్లీ తిరుగుతాయి. మంట వేడెక్కించేది వాటినే. రెండోవి కుళాయిలో వచ్చే మంచినీళ్లు. మీరు వేడి కుళాయి తిప్పగానే లోపల ఒక వాల్వ్ తిరుగుతుంది, దాన్ని డైవర్టర్ వాల్వ్ అంటారు. కాలవ రెండుగా చీలేచోట పలక దించి నీళ్లను ఇటో అటో మళ్లిస్తారు చూడండి, అలాంటిది. అది రేడియేటర్ల వైపు దారి మూసి, మంట దగ్గర కాగిన నీళ్లను ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ అనే చిన్న భాగంలోకి పంపుతుంది. అరచేతిలో పట్టేంత ఉంటుందది. సన్నటి స్టీలు రేకులు ఒకదానికొకటి అతికినట్టు ఉంటాయి. ఒక సందులో కాగిన నీళ్లు, పక్క సందులో మంచినీళ్లు పోతాయి. రెండూ కలవవు, మధ్య రేకు గుండా వేడి మాత్రమే దాటుతుంది.

ఇప్పుడు హాల్లో రేడియేటర్ సంగతి చూడండి. హీటింగ్ ఆపేసి ఉంది, మీరు షవర్ తిప్పారు, రేడియేటర్ వెచ్చబడింది. పలక పూర్తిగా మూసుకుంటే అలా జరగడానికి వీల్లేదు. కాగిన నీళ్లలో కొంత భాగం దొంగదారిన రేడియేటర్లలోకి పోతోందన్నమాట. స్నానానికి రావలసిన వేడి హాలుకి పోతోంది. పొద్దున్న రేడియేటర్లు ముందే వేడిగా ఉన్నప్పుడు అవి లాగేసుకునే వేడి తక్కువ, అందుకే నీళ్లు నయం. ఆ రెండు వాక్యాలు మీరు సంతకం కింద, పోనీలే అని రాసినట్టున్నారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అవే ముఖ్యం. ఇద్దరు మెకానిక్‌లకూ ఈ సంగతి చెప్పారా? చెప్పి ఉండరనే అనుకుంటున్నాను. వాళ్లు వచ్చింది పగటిపూట, రేడియేటర్లు నడుస్తున్నప్పుడు అయితే వాళ్లకు అది కనిపించే అవకాశమే లేదు.

అయినా ఒక్క ఆనవాలు పట్టుకుని తీర్పు చెప్పేయకూడదు. డైవర్టర్ వాల్వ్ మీద నా అనుమానం గట్టిదే గానీ, 12 ఏళ్ల బాయిలర్‌లో రేకుల మధ్య సున్నం పేరుకుని ఉండడం కూడా మామూలే. సున్నం పొర వేడిని దాటనివ్వదు. కాగిన నీళ్లు తమ వేడిని ఇవ్వలేక అలాగే వెనక్కి వస్తాయి, బాయిలర్ 'మరీ కాగిపోతున్నాను' అనుకుని మంట ఆపేస్తుంది, కాస్త చల్లారాక మళ్లీ వెలిగిస్తుంది. అలాంటప్పుడు షవర్‌లో నీళ్లు వేడి, చల్లన, మళ్లీ వేడి, ఇలా అలలు అలలుగా వస్తాయి. మీ షవర్ ఒకసారి చల్లబడ్డాక మళ్లీ వేడెక్కుతోందా, లేక అలాగే ఉండిపోతోందా అన్నది మీరు రాయలేదు. ఒకసారి నిలబడి గమనించండి. అలలుగా వస్తే అనుమానం సున్నం వైపు మొగ్గుతుంది. అదే పనిగా గోరువెచ్చగా ఉండిపోతే డైవర్టర్ వైపు.

ఇక్కడ మా ఇంటి అనుభవం ఒకటి చెప్పాలి. ఒక చలికాలం మా కుళాయిలో వేడినీళ్లు దారంలా వచ్చేవి. ఒక మెకానిక్ పంపు మార్చాలన్నాడు. ఇంకో పెద్దాయన వచ్చి, చల్లనీళ్ల కుళాయి, వేడినీళ్ల కుళాయి ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూశాడు. చల్లనివి ధారగా, వేడివి దారంగా వచ్చాయి. బాయిలర్‌లోకి చల్లనీళ్లు వచ్చే పైపు విప్పి, బొటనవేలి గోరంత జాలీ బయటికి తీశాడు. దాని కన్నాల్లో ఇసుక రేణువులు, పైపు లోపలి తుప్పు రజను, ఎప్పటిదో తెల్లటి టేపు ముక్క ఇరుక్కుని ఉన్నాయి. కుళాయి కింద పెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మళ్లీ బిగించాడు. పది నిమిషాల పని. అప్పట్నుంచి, కొలవకుండా ఏ భాగమూ మార్చడానికి నేను ఒప్పుకోను.

మీరూ కొలవండి. కావలసింది లీటర్ల గీతలున్న బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్, నీళ్లలో ముంచే థర్మామీటర్ ఒకటి. జ్వరం చూసేది పనికిరాదు. వంటలో వాడేదైతే సరిపోతుంది. సాయంత్రం హీటింగ్ ఆపి, రేడియేటర్లు పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. వంటగది బాయిలర్‌కి దగ్గర కాబట్టి ముందు అక్కడే చెయ్యాలి. చల్లనీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయో రాసుకోండి. వేడి కుళాయి మొత్తం తిప్పి రెండు నిమిషాలు పోనిచ్చి, తర్వాత ఒక్క నిమిషంలో ఎన్ని లీటర్లు వచ్చాయో, అవి ఎన్ని డిగ్రీలున్నాయో చూడండి. వేడినీళ్ల డిగ్రీల్లోంచి చల్లనీళ్ల డిగ్రీలు తీసేసి, దాన్ని లీటర్లతో, తర్వాత 0.07తో గుణించండి. వచ్చిన అంకె మీ బాయిలర్ నిజంగా నీళ్లకు ఇస్తున్న కిలోవాట్లు. ఉదాహరణకు నిమిషానికి 9 లీటర్లు, 6 డిగ్రీల నీళ్లు 28 డిగ్రీలయ్యాయనుకోండి. 9ని 22తో, 0.07తో గుణిస్తే 14 కిలోవాట్లే. మిగతా 10 ఎటో పోతున్నాయన్నమాట, లేదా బాయిలర్ అసలు పూర్తి మంట మీద వెలగడం లేదు. ఒక్క జాగ్రత్త: వచ్చే నీళ్లు మీరు పెట్టిన 50 డిగ్రీలను అందుకుంటే బాయిలర్ తనంతట తానే మంట తగ్గించుకుంటుంది, అప్పుడీ లెక్క పనికిరాదు. కుళాయి మొత్తం తిప్పమన్నది అందుకే.

ఈ కొలత తీస్తున్నప్పుడే బాయిలర్ కింద నుంచి రేడియేటర్లకు పోయే పైపును చేత్తో జాగ్రత్తగా తాకి చూడండి. కాలే అవకాశముంది, వేలి చివరతో తాకండి. ఐదు నిమిషాలు కుళాయి నడిచాక అది వేడెక్కితే, మీవారు హాల్లో చూసింది నిజమని తేలిపోయినట్టే. ఆ క్షణం ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, మెకానిక్‌కి చూపించడానికి.

తర్వాత అదే కొలత మేడమీద. వంటగదిలో 40 వచ్చి, షవర్‌లో 33 వస్తే లోపం బాయిలర్‌ది కాదు. పైపులో పోయే వేడి ఒకటి రెండు డిగ్రీలకు మించదు. షవర్ దగ్గర వేడి, చల్లనీళ్లను కలిపే మిక్సర్ లోపల కార్ట్రిడ్జ్ అనే భాగం అరిగిపోయి చల్లనీళ్లను వేడి వైపు వదులుతుండవచ్చు. దాన్ని పట్టుకునే ఉపాయం తేలిక. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, బాయిలర్‌లోకి చల్లనీళ్లు వెళ్లే వాల్వ్ మూసి, ఒక్క వేడి కుళాయి తిప్పండి. కొద్ది సెకన్లలో నీళ్లు ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే, ఇంట్లో ఎక్కడో ఒక మిక్సర్ గుండా చల్లనీళ్లు దొంగదారిన వేడి పైపులోకి వస్తున్నాయి. ఆ మిక్సర్ బాగుచేయిస్తే సరి, బాయిలర్ జోలికి పోనక్కర్లేదు. ఆ వాల్వ్ ఏదో మీకు కచ్చితంగా తెలియకపోతే ఈ పరీక్ష మానేయండి, మెకానిక్ చేస్తాడు.

ఇంతవరకే మీ పని. బాయిలర్ ముందు మూత మాత్రం మీరుగానీ మీవారుగానీ విప్పకండి. లోపల గ్యాస్ ఉంది. మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. దాన్ని పసిగట్టే అలారం మీ ఇంట్లో లేకపోతే ఈ మరమ్మతు కన్నా ముందు అది కొనండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. డైవర్టర్ వాల్వ్ లోపమేనని తేలితే, దాన్ని తిప్పే మోటార్ పోయిందా, లోపలి భాగం అరిగిందా చూసి అదొక్కటే మార్చవచ్చు. సున్నం అయితే ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్‌ను విప్పి యాసిడ్‌తో కడుగుతారు, లేదా కొత్తది వేస్తారు. 12 ఏళ్ల పాతది అయితే కడిగించే కన్నా మార్చడమే నాకు ఇష్టం. కడిగాక లోపల ఎంత మిగిలిందో కంటికి కనిపించదు. రెండు పనులూ మామూలుగా ఒక పూటలో అయ్యేవే. కాకపోతే పాత బాయిలర్ కాబట్టి వచ్చే ఏడు ఇంకో భాగం పోవచ్చు, ఆ సంగతి తెలిసే చేయించాలి.

రెండో మెకానిక్ చెప్పిన మాట పూర్తిగా కొట్టేయకండి. రేడియేటర్లలో తిరిగే నీళ్లలో లోపలి ఇనుము అరిగి నల్లటి మడ్డి తయారవుతుంది. రేడియేటర్ కింది భాగం చల్లగా, పైభాగం వేడిగా ఉంటే అది మడ్డి పేరుకున్న గుర్తు. మీవి పైనుంచి కింద వరకూ కాలుతున్నాయన్నారు, కాబట్టి ముందు వాటిని కడిగించాల్సిన తొందర కనిపించడం లేదు. అయితే ఆ మడ్డే డైవర్టర్‌ను బిగుసుకుపోయేలా చేస్తుంది, రేకుల సందులనూ మూస్తుంది. వాల్వ్ మార్చేటప్పుడు మెకానిక్‌ని ఆ నీళ్లు ఒక గాజు గ్లాసులో పట్టి చూపించమనండి. తేటగా ఉంటే ఊరుకోవచ్చు. సిరాలా నల్లగా ఉంటే కడిగించి, మడ్డిని పట్టే అయస్కాంతపు ఫిల్టర్ పెట్టించి, తుప్పు పట్టకుండా మందు కలిపించాలి. లేకపోతే కొత్త వాల్వ్ కూడా పాతదాని దారే పడుతుంది.

మొదటి మెకానిక్ చెప్పిన పెద్ద బాయిలర్ మాటకొస్తే, అది తప్పు సలహా అనను, ఇంకా వేళ కాలేదు అంటాను. మీ బకెట్ లెక్కలో 22, 23 కిలోవాట్లు వచ్చాయనుకోండి. అప్పుడు పాపం బాయిలర్ తన పని తాను చేస్తోంది, మీ అవసరమే దాన్ని మించింది. 35 కిలోవాట్లది పెడితే అదే చలిలో నిమిషానికి దాదాపు 14 లీటర్లు ఇస్తుంది. కానీ వీధి పైపులోంచి మీ ఇంటికి నిమిషానికి 10 లీటర్లే వస్తుంటే ఎంత పెద్ద బాయిలర్ పెట్టినా ఆ పదే. కాబట్టి ముందు చల్లనీళ్ల కుళాయి కింద బకెట్ పెట్టి ఆ అంకె తెలుసుకోండి. ఇంట్లోకి వచ్చే గ్యాస్ పైపు దానికి సరిపోతుందా అన్నదీ మెకానిక్‌ని అడగాలి. ఆ ఖర్చుకు వెళ్లే ముందు నిమిషానికి 7, 8 లీటర్లు మాత్రమే వదిలే షవర్ తల బిగించి ఒక వారం చూడండి. నీళ్లు తగ్గితే వేడి పెరుగుతుంది, చాలామందికి అక్కడే తీరిపోతుంది. ఒకళ్లు స్నానం చేస్తుండగా ఇంకొకళ్లు వంటగదిలో వేడి కుళాయి తిప్పకుండా ఉండడం కూడా ఇందులో భాగమే.

ఒకేసారి రెండు చోట్ల వేడినీళ్లు కావాల్సిందే అంటే నిల్వ ట్యాంకు మేలు. 150 లీటర్ల ట్యాంకులో 60 డిగ్రీల నీళ్లుంటే, చల్లనీళ్లు కలిపాక లెక్క ప్రకారం 230 లీటర్ల పైచిలుకు స్నానపు నీళ్లవుతాయి. చోటు కావాలి, నిల్వ ఉన్నంతసేపూ కొంత వేడి వృథా అవుతుంది, అయిపోతే మళ్లీ కాగేదాకా ఆగాలి. నిల్వ నీళ్ల వేడిని 60 కన్నా తగ్గనివ్వకూడదు కూడా. గోరువెచ్చటి నిల్వ నీళ్లలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, దాంతో వచ్చే న్యుమోనియా పెద్దవాళ్లకు చాలా ప్రమాదం. అలాంటప్పుడు కుళాయి దగ్గర వేడి తగ్గించే మిక్సింగ్ వాల్వ్ తప్పనిసరి.

మీవారి కరెంటు షవర్ ఆలోచన వెనక ఉన్న ఉద్దేశం మంచిదే, ఇల్లంతా తవ్వకుండా పని జరగాలని. కానీ లెక్క ఒప్పుకోదు. 9 కిలోవాట్ల షవర్ కూడా 5 డిగ్రీల నీటిని 40కి తేవాలంటే నిమిషానికి 4 లీటర్లు కూడా ఇవ్వలేదు. దాని కోసం వేరే మందపాటి కేబుల్, వేరే బ్రేకర్ లాగాలి. ఇంత చేశాక కూడా దాని కింద నిలబడి వణకాల్సి వస్తుందేమోనని నా అనుమానం. మీవారి ఆలోచననే కొంచెం మార్చి చూడండి. మేడమీద కాకుండా కింద, అత్తగారి బాత్‌రూమ్‌లో, నీళ్లు నిల్వ చేసి కాచే 30 లీటర్ల చిన్న కరెంటు హీటర్. 2 కిలోవాట్లదైతే గంటలో కాగుతుంది, చల్లనీళ్లు కలిపితే 45 లీటర్ల పైనే వస్తాయి. స్టూలు మీద కూర్చుని స్నానం చేసే ఒక్క మనిషికి ధారాళంగా సరిపోతుంది. బాయిలర్ ఎప్పుడైనా ఆగిపోయినా ఇంట్లో ఒకచోట వేడినీళ్లు ఉంటాయి. ఇది బాయిలర్ లోపాన్ని తీర్చదు, మీ షవర్ అలాగే ఉంటుంది. కానీ ఆవిడకు రేపటికి కాకపోయినా వచ్చే వారానికి సుఖం.

అత్తగారికి ఏం చెప్పాలని అడిగారు. చెప్పడం కన్నా అడగడం మంచిది. 'నాకు రోజూ స్నానం ఎందుకులేమ్మా' అన్న మాటను సర్దుకుపోవడంగా తీసుకోకండి. కొడుకూ కోడలూ తన మూలంగా పోట్లాడుకుంటున్నారని భయపడి, ఆవిడ తన అవసరాన్నే తగ్గించుకుంటున్నారు. అలా తగ్గించుకోవడం మొదలుపెట్టిన పెద్దవాళ్లు ఇంకా చాలావాటిలో తగ్గించుకుంటూ పోతారు, మనం గమనించేసరికి ఆలస్యమవుతుంది. 'అత్తయ్యా, మేం బకెట్ నింపుతాం, మీరు టైమ్ చూసి అంకెలు రాయండి' అని కొలత పనిలోకి పిలవండి. ఆవిడ చేతిరాతతో ఉన్న ఆ కాగితమే మెకానిక్‌కి ఇవ్వండి. గిన్నె మోయొద్దని మీరు చెబితే కోడలి మాట అవుతుంది. ఆ ఒక్కటి మీవారి చేత చెప్పించండి.

మెకానిక్ విషయంలో, ఇద్దరిలో ఎవరిని నమ్మాలన్నది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. గ్యాస్ పని చేయడానికి అర్హత ఉన్నవాడై ఉండాలి, అది మాత్రం ఖాయంగా చూసుకోండి. హీటింగ్ ఆపి రేడియేటర్లు చల్లారిన వేళకు పిలవండి. కాగితం, వీడియో ముందుంచి ఒకే ప్రశ్న అడగండి: 'డైవర్టర్ పూర్తిగా మూసుకుంటోందో లేదో, రేకుల్లోకి వెళ్లే నీళ్ల వేడి, తిరిగొచ్చే నీళ్ల వేడి ఎంతో కొలిచి చెబుతారా?' కొలిచి చెప్పినవాడితో పని చేయించుకోండి. బాయిలర్ మార్చాల్సిందే అంటే ఏ భాగం పోయిందో, అది విడిగా దొరుకుతుందో లేదో కాగితం మీద రాసిమ్మనండి. మంట దగ్గరి పెద్ద హీట్ ఎక్స్ఛేంజర్ చిల్లులు పడి కారుతున్నా, విడిభాగాలు రావడం ఆగిపోయినా, 12 ఏళ్ల బాయిలర్‌ను పట్టుకు వేలాడొద్దు, మార్చేయండి.

కొలతలు తీశాక మూడు అంకెలు నాకు రాసి పంపండి: చల్లనీళ్ల డిగ్రీలు, వేడినీళ్ల డిగ్రీలు, నిమిషానికి లీటర్లు. షవర్ అలలుగా చల్లబడుతోందా, ఒకేలా ఉంటోందా అన్నదీ రాయండి. అత్తగారు బకెట్ స్నానానికి ఒప్పుకున్నారో లేదో కూడా తప్పకుండా రాయండి.